బూజెమా రాయి

జెర్ఫా ఉద్యోగం ముగియడానికి మూడు రోజులుందనగా ఆమె తండ్రి రాయి పాడైపోయింది. పాడుచేసింది ఆమె. చేయించింది నేను. ఈ రెండో మాట మా కళాశాలలో ఒక్కరికి తప్ప ఎవరికీ చెప్పలేదు. చెప్పినా ఇప్పుడు వినేవాళ్లు లేరు, పాతవాళ్లందరూ రిటైరై వెళ్లిపోయారు. అందుకే రాసి పెడుతున్నాను.

నా పేరు దెర్రాజీ. కాన్‌స్టాంటీన్‌లో కొండ అంచున ఉన్న గనుల కళాశాలలో రాళ్లు కోసేవాణ్ని. రాతిముక్కను గాజు పలకకు అతికించి, వెంట్రుకలో సగం కూడా లేని మందానికి అరగదీసి సూక్ష్మదర్శిని కిందికి పంపడం నా పని. ప్రొఫెసర్లు దాన్ని చూసి రాయికి పేరు పెడతారు. చీటీ మీద ఆ పేరు రాసి, కింద ‘నిర్ధారించినవారు’ అన్న చోట తమ పేరు రాసుకుంటారు. ముప్పై ఏళ్లలో ఒక్క చీటీ మీదా నా పేరు పడలేదు. మొదట్లో కుతకుతలాడిపోయేవాణ్ని. పోనుపోను కుతకుతలాడే ఓపిక కూడా లేకుండా పోయింది.

జెర్ఫా మా అంతస్తు ఊడ్చి కడిగే మనిషి. నలభై దాటాక, భర్త పోయాక పనిలో చేరింది. తెల్లవారుతుండగా ఇంట్లో బయలుదేరి రెండు బస్సులు మారి, లిఫ్టు ఎన్నడూ పనిచేయని మా భవనంలో బకెట్టు పట్టుకుని మూడంతస్తులు ఎక్కేది. ప్రతి మలుపు దగ్గరా ఆగి మోకాళ్లను తిట్టేది. ఆ తిట్లు వినబడితే ఏడున్నర అయిందని నాకు తెలిసేది. నాకన్నా ఐదారేళ్లు పెద్దది. నన్ను తమ్ముడూ అనేది, నేను అక్కా అనేవాణ్ని. మధ్యాహ్నం కెస్రా రొట్టె మూటలోంచి నాకు సగం తుంచి పెట్టేది. వద్దంటే, రాతిపొడి తిని బతుకుతావా అని దెప్పేది.

ఆమె తండ్రి బూజెమా హమీమాత్ కొండ గనిలో ఏరివేత కొట్టంలో పనిచేశాడు. ఆ కొండలో దొరికేది సుర్మా రాయి కుటుంబానికి చెందిన ఖనిజం. మా ఆడవాళ్లు కంటికి పెట్టుకునే నల్ల సుర్మాలో ఉన్న లోహమే అందులోనూ ఉంటుంది, కాకపోతే ఇది గాలీ నీళ్లూ తగిలి తెల్లబడిన రూపం. ఆ తెల్లదాంట్లో మళ్లీ రెండు రకాలు. ఒకటి సూదుల్లా, విసనకర్రలా పెరుగుతుంది, దాన్ని వాలెంటినైట్ అంటారు. రెండోది ఎనిమిది ముఖాలతో, రెండు పిరమిడ్లను అడుగుకు అడుగు అంటించినట్టు ఉంటుంది. దాని పేరు సెనార్మొంటైట్. మొట్టమొదట దానికి పేరు పెట్టింది మా కొండలో దొరికిన రాళ్లను చూసే. రెంటి పదార్థమూ ఒకటే. పిండి ఒకటే అయినా పెనం మీద వేస్తే కెస్రా, సన్నగా తరిగితే రెష్తా సేమ్యా అయినట్టు. రెండూ మెత్తనివే, గోటితో గట్టిగా గీస్తే గీత పడేంత. పరిమాణానికి మించిన బరువు రెంటికీ ఉంది. కొవ్వొత్తి మంటలో పెడితే రెండూ కరిగి తెల్లటి పొగ విడుస్తాయి. రసాయన పరీక్షలు ఎన్ని చేసినా ఒకటే జవాబు వస్తుంది. తేడా అంతా లోపలి అమరికలో ఉంది, అది ఆకారంలో బయటపడుతుంది. ఆకారం పోతే పేరు కూడా పోతుందని అనుకోవచ్చు.

బూజెమాకు ఈ చదువేమీ లేదు. జీతం తీసుకున్నప్పుడు వేలిముద్ర వేసిన మనిషి. కానీ సున్నపురాయిలో కూరుకుపోయి మూల ఒక్కటే బయటికి కనబడుతున్న ముక్కను కూడా అరచేతిలో రెండుసార్లు తిప్పి, ఇది సూదిది, ఇది ఎనిమిదిది అని వేరు వేరు బుట్టల్లో వేసేవాడట. గని నడిపే ఫ్రెంచి దొరలు ఆ ఎనిమిది ముఖాలవాటిని సముద్రం దాటించి సంపన్నుల అద్దాల బీరువాలకు అమ్ముకునేవారు. గని మూసేసిన ఏడు మా కళాశాల నుంచి ఒక ప్రొఫెసరు రాళ్ల కోసం కొండకు వెళ్లాడు. బూజెమా ఇంట్లోంచి పిడికిలంత రాయి తెచ్చి ఇచ్చాడు. సున్నపురాయి ముద్దలో ఒక తెల్లటి మూల, మూడు కోణాలది, బయటికి పొడుచుకుని ఉంది. పక్కనే కొన్ని తెల్ల గీతలున్నాయి. లోపల ఎనిమిది ముఖాలది నిండుగా ఉంది, పగలగొట్టొద్దు, కాగితం మీద నా పేరు రాస్తే చాలు అన్నాడట. ప్రొఫెసరు సరేనన్నాడు. అప్పుడు జెర్ఫా వాళ్లకు కాఫీ పోస్తూ అక్కడే ఉంది.

పనిలో చేరిన మొదటి వారమే ఆమె మా అంతస్తులోని అద్దాల బీరువాలో ఆ రాయిని గుర్తుపట్టింది. పరుగున నా గదికి వచ్చింది. ఆ పొద్దున నేను అరగదీసిన ముక్కలు వరసగా మూడు పగిలిపోయి ఉన్నాయి, ప్రొఫెసరు చేత చీవాట్లు తిన్నాను, నడుము లాగేస్తోంది. ఆమె నా మోచేయి పట్టుకుని బీరువా దాకా లాక్కెళ్లింది. ఆమెకు అప్పటికి ఏ లిపీ రాదు. చీటీ ఫ్రెంచిలో ఉంది. చదివి చెప్పమంది. బూజెమా అని ఉండాలి తమ్ముడూ అంది.

చదివాను. గోధుమరంగు సిరాతో ఇలా ఉంది: వాలెంటినైట్. హమీమాత్. ఇచ్చినవారు: తెలియదు. పక్కనున్న తెల్ల గీతలు చూసి సూదులనుకుని ఆ పేరు పెట్టేశారు. మనిషి పేరు మరిచిపోయారు.

లేదని చెబితే ఎందుకు లేదంటుంది. ప్రొఫెసర్‌ని అడుగుదాం పద అంటుంది. ఆయన ముందు నిలబడాలి, ఆయన విసుక్కుంటే ఈమెను ఓదార్చాలి. నాకు అంత ఓపిక లేదు.

“ఉందక్కా, ఉంది” అన్నాను.

ఆమె వేళ్ల కొసలు ముద్దు పెట్టుకుని అద్దానికి ఆనించింది. ఆ రోజు నుంచి పందొమ్మిదేళ్లు రోజూ పొద్దున్నే ఆ బీరువా ముందు ఆగి, తండ్రికి సలాం చెప్పి, తరవాతే బకెట్టు కింద పెట్టేది. నేను నా గదిలోంచి వింటుండేవాణ్ని. మొదట్లో ఒళ్లు జలదరించేది. తరవాత అది కూడా ఆమె మోకాళ్ల తిట్లలాగా పొద్దుటి చప్పుళ్లలో ఒకటైపోయింది.

ఆ పందొమ్మిదేళ్లలో ఆమె జీవితంలో పెద్ద విశేషాలేమీ లేవు. ఇద్దరు కూతుళ్లను చదివించింది. ఒక కొడుకు టైరు దుకాణంలో కుదురుకున్నాడు. చేతులు యాసిడ్‌కు పొలుసులు లేచాయి. మా ఊరి నీళ్లలో సున్నం ఎక్కువ. కెటిల్లో, కుళాయి చుట్టూ, నేల పలకల మీద తెల్లటి పెచ్చు కడుతుంది. దాన్ని వదిలించడానికి ఇంటింటా ఒక యాసిడ్ సీసా ఉంటుంది, ఉప్పుసారం అంటారు మావాళ్లు. పండగొచ్చినా చుట్టాలొచ్చినా ముందు ఆ సీసా మూత తీస్తారు. జెర్ఫా ఒంటి నిండా కప్పుకునే నల్లటి మలాయా గుడ్డకు కూడా దాని వాసనే వచ్చేదని తోటి పనివాళ్లు ఎగతాళి చేసేవారు. యాభై దాటాక పెద్దల బడికి వెళ్లి అరబ్బీ అక్షరాలు నేర్చుకుంది. బస్సులోంచి దుకాణాల బోర్డులు కూడబలుక్కుంటూ వచ్చేది. ఫ్రెంచి మాత్రం రాలేదు. రాకపోవడం నా అదృష్టమనుకున్నాను.

ఒకసారి అద్దం తుడుస్తూ, మా నాన్న రాయి మొహం ఇంత మురికిగా ఉందేమిటని అడిగింది. మురికి కాదక్కా, సున్నం, నీ కెటిల్లో పేరుకునేదే అన్నాను, తల ఎత్తకుండా. అది అబద్ధం కాదు. కానీ ఆ మాట కూడా ఆమె మనసులో దాచి పెట్టుకుంది.

ఆమె చివరి వారం శనివారం మొదలైంది, మాకు సెలవులు గురు, శుక్రవారాలు. అదే వారం చీటీలన్నీ అరబ్బీలోకి మార్చాలని ఉత్తర్వు వచ్చింది. బుధవారం అద్దాలు తెరిచి కొత్త చీటీలు పెట్టాలి. అదే ఆమె ఆఖరి రోజు కూడా. సంగతి విని జెర్ఫా చిన్నపిల్లలా నవ్వింది. వెళ్లిపోయే రోజున నాన్న పేరు నేనే చదువుకుంటానంది.

జాబితా రాసే పని నాదే. ఎవరికీ తెలియకుండా ‘ఇచ్చినవారు: బూజెమా’ అని రాసి మా విభాగానికి పెద్ద అయిన డాక్టర్ సబీహా బల్ల మీద పెట్టాను. ఆమె పాత రిజిస్టరుతో ఒక్కొక్కటీ సరిచూసే మనిషి. ఆ వరస దగ్గర ఆగింది. రిజిస్టరులో తెలియదు అని ఉంటే మీకెలా తెలిసిందంది. కూతురు చెప్పిందన్నాను. కూతుళ్లందరూ చెబుతారు, ఆధారం కావాలి కదా దెర్రాజీ గారూ అని కొట్టేసింది. ఆమె తప్పు లేదు. మా దగ్గర పద్ధతి ఒకటుంది: పాత చీటీని ఎన్నటికీ పారేయరు, దాని మీద మాట దిద్దరు. కొత్త సంగతి రుజువైతే పక్కన ఇంకో చీటీ పెడతారు, రుజువు చేసినవాడి పేరుతో. అంతే తప్ప జాలిపడి పేర్లు రాయరు.

ఆ రోజే జెర్ఫాతో నిజం చెప్పి ఉండాల్సింది. రేపు చెబుదాంలే అని ఇంటికి పోయాను.

ఆదివారం మధ్యాహ్నం కడుగుడు గదిలోంచి చప్పుడు లేకపోవడం చూసి వెళ్లాను. జెర్ఫా ప్లాస్టిక్ తొట్టి ముందు నేల మీద కూలబడి ఉంది. తొట్టిలో పాలలాంటి తెల్లనీళ్లు. పక్కన ఉప్పుసారం సీసాలు రెండు, ఖాళీవి. తుడిచే మనిషి కాబట్టి బీరువా తాళం ఆమె దగ్గరే ఉంటుందని గుర్తొచ్చింది.

తడబడుతూ చెప్పింది. బుధవారం అందరూ చూస్తారు కదా, నాన్న మొహం కడుగుదామని రాయిని తొట్టిలో పెట్టి యాసిడ్ పోసింది. బుసబుస పొంగింది. సున్నం కరగడం చూసి సంబరపడి ఇంకా పోసింది. పైముద్దంతా కరిగిపోయాక లోపలిది బయటపడింది. ఆలివ్ కాయంత. తిప్పి తిప్పి చూసింది, ముఖాలు లెక్కపెట్టింది. ఎనిమిది. ఇంకాస్త మెరుస్తుందని అందులోనే వదిలి మెట్లు తుడవడానికి వెళ్లింది. దారిలో, కళాశాలకు ఎవరో అతిథులొచ్చారని కాఫీలు పెట్టమన్నారు. రెండు గంటలు పట్టింది. తిరిగొచ్చేసరికి రాయి చిక్కిపోయి ఉంది. కంగారుపడి కుళాయి తిప్పి నీళ్లు పోసింది. తొట్టిలో నీళ్లన్నీ విరిగిన పాలలాగా తెల్లబడిపోయాయి.

సున్నాన్ని తినే యాసిడ్ ఈ రాయిని కూడా తింటుంది, కాకపోతే నెమ్మదిగా. తిన్నదాన్ని నీళ్లు తగలగానే తెల్లపొడిగా కక్కేస్తుంది. ఈ సంగతి మూడో అంతస్తులో ఇరవై మందికి తెలుసు. ఆమెకు ఒక్కరం కూడా చెప్పలేదు. చేతికి తొడుగు వేసుకుని తొట్టి అడుగున తడిమాను. కందిబద్దంత ముక్క దొరికింది. చప్పరించి వదిలేసిన మిఠాయిలాగా గుండ్రంగా, బీటలు వారి ఉంది. ముఖమన్నది ఒక్కటీ లేదు.

“తమ్ముడూ, డాక్టరమ్మగారితో నువ్వే చెప్పు” అంది జెర్ఫా. “నన్నేమన్నా అననీ, పడతాను. రాయి పాడుచేసింది నేను, మా నాన్న కాదు. చీటీ మీద ఆయన పేరు మటుకు తీసెయ్యొద్దను.”

ఇంక దాచడం నావల్ల కాలేదు.

“ఆ చీటీ మీద మీ నాన్న పేరు లేదక్కా.”

“ఎప్పుడు తీసేశారు?”

“తియ్యలేదు. ఎప్పుడూ లేదు.”

ఆమె నా మొహంలోకి చూసింది. బకెట్టు బోర్లించి దాని మీద కూర్చుంది. మోకాళ్లను తిట్టలేదు.

“పందొమ్మిదేళ్లు సలాం పెట్టాను గదా దానికి. ఒక్కరోజన్నా నోరు పెగల్లేదా?”

“ఆ రోజు బాగా అలిసిపోయి ఉన్నానక్కా.”

“నేను అలిసిపోలేదా?”

సిగ్గుతో చచ్చిపోయాను. మళ్లీ ఆమే అడిగింది, ఎనిమిది ముఖాలు ఉన్నాయంటే నమ్ముతావా అని. నమ్ముతాను, నేను నమ్మితే చాలదు అన్నాను. మరేం చేస్తే చాలుతుందంది. చెప్పాను. ఆకారం పోయినా లోపలి అమరిక ఆ కందిబద్దలో ఇంకా ఉంది. దాన్ని పలచగా అరగదీసి, సూక్ష్మదర్శినిలో వెలుతురును వడగట్టే రెండు అద్దాల మధ్య పెట్టి తిప్పితే, సూది రకమైతే ధగధగ వెలుగుతుంది. ఎనిమిది ముఖాలదైతే ఎటు తిప్పినా చీకటిగా ఉంటుంది. సగం కోసి సగం దాచుదామంటే బీటలున్నాయి, పొడైపోతుంది.

“అంటే ఇదీ పోద్దా?”

“గాజు మీద పొరలాగా మిగులుద్ది. చెయ్యి జారితే అదీ మిగలదు.”

ఆమె తొట్టిలోని తెల్లనీళ్లను చూసింది. తరవాత లేచి, మలాయా కొంగుతో చేతులు తుడుచుకుంది.

“అరగదియ్యండి, దెర్రాజీ గారూ” అంది.

గారు అన్న ఆ మాట చెంపదెబ్బకన్నా గట్టిగా తగిలింది.

డాక్టర్ సబీహా దగ్గరికి ఇద్దరం వెళ్లాం. ఆమె జరిగిందంతా వింది. తరవాత నావైపు తిరిగి, అది సున్నమని ఈమెకు చెప్పిందెవరంది. నేనేనన్నాను. అరగదీయడానికి ఒప్పుకుంది.

ఆ సాయంత్రం ముక్కను జిగురులో పొదిగాను. సోమవారం అంతా అరగదీశాను. మెత్తటి రాయి, యంత్రానికి ఆగదు. గాజు పలక మీద మెత్తని పొడీ చుక్క నీళ్లూ వేసి చేత్తోనే గుండ్రంగా తిప్పుతూ పోవాలి. కొంచెం తిప్పడం, కడగడం, చూడడం. నా కళ్లజోడు చెమటకు మసకబారేది. ముప్పై ఏళ్లలో వేల రాళ్లు అరగదీశాను, ఒక్కదానికీ నాకు చెమట పట్టలేదు. జెర్ఫా గుమ్మంలో తడిగుడ్డ పట్టుకుని నిలబడింది. లోపలికి రమ్మంటే రాలేదు. మధ్యాహ్నం రొట్టె మూట విప్పింది, నాకు తుంచి పెట్టలేదు. మంగళవారం పదింటికి అంచు ఒకవైపు విరిగిపోయింది. మిగిలినది నిలిచింది, గోటిమీది మచ్చంత.

సూక్ష్మదర్శిని కింద పెట్టి డాక్టర్ సబీహాను పిలిచాను. ఆమె కుర్చీ లాక్కుని, పలకను చుట్టూ తిప్పుతూ చూసింది. అంచున ఒకచోట బూడిదరంగు మెరుపు తోచి పోయిందంది, ఆ కొండ రాళ్లు అప్పుడప్పుడు అలా చేస్తాయి. మిగతాదంతా చీకటే. రెండోసారి తిప్పింది. మూడోసారీ తిప్పి లేచింది.

“చూడు జెర్ఫా” అని తన కుర్చీలో కూర్చోబెట్టింది.

జెర్ఫా కన్ను ఆనించింది. ఒక కన్ను మూయడం రాక చేత్తో మూసుకుంది.

“ఏమీ కనపడట్లేదు. నల్లగా ఉంది.”

“నల్లగానే ఉండాలక్కా” అన్నాను. “మీ నాన్న చెప్పింది నిజమైతే ఇట్లాగే ఉండాలి.”

ఆమె కన్ను తియ్యలేదు. ఏమీ లేని ఆ చీకటిలోకి అలాగే చూస్తూ ఉండిపోయింది. భుజాలు కదిలాయి. డాక్టర్ సబీహా కిటికీ వైపు తిరిగింది.

కొత్త చీటీ రాయడానికి డాక్టర్ సబీహా కలం తీసింది. సెనార్మొంటైట్, హమీమాత్ అని రాసి, నిర్ధారించినవారు దగ్గర ఆగి, మీ పేరే రాస్తాను దెర్రాజీ గారూ, చేసింది మీరే కదా అంది. ఉన్నమాట చెబుతాను, ఒక్క క్షణం నోరు మెదపలేదు. ముప్పై ఏళ్లు ఎదురుచూసిన మాట అది, అడక్కుండా వచ్చింది. జెర్ఫా నావైపు చూడను కూడా లేదు. నేను ఏం చెప్పినా ఆశ్చర్యపోయేలా లేదు.

నేను ఇవాళ కనుక్కున్నది ఏమీ లేదని చెప్పాను. ఇది ఎనిమిది ముఖాలదని గని మూసిన ఏడే ఒకాయన చెప్పాడు, మన ప్రొఫెసరు రాసుకోలేదు. ఆయన మాట నిజమని ఈ పలకే రుజువు, నేను చేసింది సరిచూడడమే అన్నాను. డాక్టర్ సబీహా కలం కాగితానికి ఆనించి, పద్ధతి అన్న గడి కూడా నింపాలి, ఆయన ఎలా చూశాడని రాయమంటారంది. జెర్ఫా అరచేయి చాపి, రెండుసార్లు తిప్పి చూపించింది.

బుధవారం వరండాలో కాఫీ, బ్రాజ్ మిఠాయి ముక్కలు పంచారు. జెర్ఫాకు గోడగడియారం ఇచ్చి, నాలుగు మంచి మాటలు చెప్పారు. అందరూ ఎవరి గదుల్లోకి వాళ్లు పోయాక ఆమె బీరువా ముందుకు వచ్చింది. రాయి ఉండే చోట గాజు పలక ఒక్కటే ఉంది, దాని పక్కన గోధుమ సిరా చీటీ, దాని పక్కన కొత్తది. నేను అలవాటు కొద్దీ ముందుకు వంగి, ఇదిగో అక్కా, ఇక్కడ అని చెప్పబోయాను.

“మీరు చదవొద్దు” అంది.

వెనక్కి జరిగాను. ఆమె అద్దం మీద వేలు పెట్టి, పెద్దల బడిలో నేర్పినట్టు అక్షరం అక్షరం కూడబలుక్కుంటూ చదివింది. నిర్ధారించినవారు: బూజెమా, ఏరివేత పనివాడు, హమీమాత్ గని. పద్ధతి: చేత్తో. చివరిదాకా చదివి ఆగింది. నావైపు ఒకసారి చూసి, వేలు వెనక్కి జరిపి, మొదటి అక్షరం నుంచి మళ్లీ చదవడం మొదలుపెట్టింది.